స్ట్రాటో ఆవరణంలో మీథేన్ నష్టాన్ని మోడల్‌లో పెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మీథేన్‌కు కొదవ లేదు. పెన్నా కింద నీళ్ళు నిలిచిన వరి కయ్యలు, తీరం పొడవునా రొయ్యల గుంటలు, ఊరూరా గేదెలు, మున్సిపాలిటీల చెత్త దిబ్బలు. ఉపగ్రహ కొలతలు ముందు పెట్టుకుని వీటి లెక్క తీద్దామని వాతావరణ కంప్యూటర్ మోడల్ నడపడం మొదలుపెట్టినవాళ్ళకు నేల మీది సంగతులు త్వరగానే పట్టుబడతాయి. చిక్కంతా పైనుంచి, అంటే మేఘాలుండే పొరకు పైనున్న స్ట్రాటో ఆవరణం నుంచి వస్తుంది. ఆ పైసంగతి గురించి ఎక్కువగా వచ్చే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి.

కయ్యల్లో పుట్టే మీథేన్ లెక్కకు, 30 కిలోమీటర్ల ఎత్తులో జరిగేదానితో పనేంటి?

ఉపగ్రహం కయ్య మీది గాలిని విడదీసి కొలవదు. నేల నుంచి వాతావరణం పైఅంచు దాకా ఉన్న మీథేన్‌నంతా కలిపి ఒక్క సగటు చెబుతుంది. నెల్లూరు మీద ట్రోపోపాజ్ (కింది ట్రోపో ఆవరణానికీ, పైని స్ట్రాటో ఆవరణానికీ మధ్య హద్దు) దాదాపు 100 హెక్టోపాస్కల్ పీడనం దగ్గర, అంటే 16-17 కి.మీ. ఎత్తున ఉంటుంది. దానికి పైన ఉన్నది వాతావరణం బరువులో పదో వంతు. అక్కడ సగటున 1500 పీపీబీ (వంద కోట్ల గాలి అణువుల్లో ఇన్ని మీథేన్ అణువులు) ఉండాల్సింది మీ మోడల్ 5 శాతం ఎక్కువ చూపిందనుకోండి. తేడా 75 పీపీబీ, అందులో పదో వంతు 7.5 పీపీబీ మొత్తం సగటులోకి వచ్చి చేరుతుంది. ఇదే తప్పు ట్రోపోపాజ్ 200 హెక్టోపాస్కల్ దగ్గరుండే ఉత్తర దేశాల మీద జరిగితే 15 పీపీబీ అవుతుంది.

ఇన్వర్షన్‌కు, అంటే కొలతల నుంచి వెనక్కి ఉద్గారాలను రాబట్టే లెక్కకు, ఈ ఎక్కువ ఎక్కడిదో తెలియదు. దాని చేతిలో ఉన్నవి నేల మీది ఉద్గారాలే కాబట్టి వాటినే కోస్తుంది. అంటే పైన 40 కి.మీ. ఎత్తున జరిగిన తప్పుకు కోవూరు కయ్యలు జరిమానా కడతాయి. పైగా ఈ తప్పు అక్షాంశాన్ని బట్టి, నెలను బట్టి మారుతుంది గనక మొత్తం నుంచి ఒక స్థిరసంఖ్య తీసేస్తే పోయేది కాదు.

మొత్తం నష్టంలో దీని వాటా ఎంత?

తక్కువే. గాలిలో మీథేన్ 1900 పీపీబీ చొప్పున ఉంటే, ఒక్కో పీపీబీకి 2.75 టెరాగ్రాముల లెక్కన మొత్తం 5225 టెరాగ్రాములు. ఏటా పోయేది 550 టెరాగ్రాముల పైచిలుకు. అందులో సింహభాగం ట్రోపో ఆవరణంలో హైడ్రాక్సిల్ (OH, గాలిలో ఉండే చురుకైన రసాయన కణం) తినేస్తుంది. స్ట్రాటో ఆవరణం వాటా సాధారణంగా 30-40 టెరాగ్రాములు, అంటే 3-4 కోట్ల టన్నులు. చెరువు భాషలో చెప్పాలంటే హైడ్రాక్సిల్ పెద్ద తూము, స్ట్రాటో ఆవరణం కలుజు మీద పారే పలచటి నీరు. ఈ ఒక్క నష్టమే ఉంటే మీథేన్ ఆయుష్షు 130 నుంచి 175 ఏళ్ళు వస్తుంది. మీ మోడల్ 15 టెరాగ్రాములో 70 టెరాగ్రాములో చెబితే ఉద్గారాల జోలికి పోకుండా ముందు ఇక్కడ వెతకండి.

ఏ రసాయన చర్యలు పెట్టాలి?

మూడు: హైడ్రాక్సిల్‌తో, క్లోరిన్ పరమాణువుతో, ఉత్తేజిత ఆక్సిజన్ పరమాణువుతో. నాలుగోది అతినీలలోహిత కాంతి, అందులోనూ 121.6 నానోమీటర్ల దగ్గరి లైమన్-ఆల్ఫా. అది స్ట్రాటో ఆవరణానికి పైనున్న మీసో ఆవరణం సంగతి. మోడల్ పైకప్పు 60 కి.మీ. దాటకపోతే వదిలేయవచ్చు.

చర్యల వేగ గుణకాలు, అణువుకు, సెకనుకు ఘన సెంటీమీటర్లలో:

హైడ్రాక్సిల్: 2.45 × 10⁻¹² × ఎక్స్‌ప్(−1775/ఉష్ణోగ్రత)
క్లోరిన్: 7.1 × 10⁻¹² × ఎక్స్‌ప్(−1270/ఉష్ణోగ్రత)
ఉత్తేజిత ఆక్సిజన్: 1.75 × 10⁻¹⁰, ఉష్ణోగ్రతతో నిమిత్తం లేదు

ఉష్ణోగ్రత కెల్విన్లలో, ఎక్స్‌ప్ అంటే e ఘాతం. హైడ్రాక్సిల్ గుణకం 298 కెల్విన్ దగ్గర 6.3 × 10⁻¹⁵ ఉంటే, 220 కెల్విన్‌కు 7.7 × 10⁻¹⁶కి పడిపోతుంది, ఎనిమిదో వంతు. నేల ఉష్ణోగ్రతకు లెక్కగట్టిన స్థిరాంకాన్ని అన్ని పొరలకూ వాడేస్తే కింది స్ట్రాటో ఆవరణంలో నష్టం ఎనిమిదింతలు అవుతుంది. క్లోరిన్ 220 కెల్విన్ దగ్గర హైడ్రాక్సిల్ కన్నా సుమారు 29 రెట్లు వేగంగా మీథేన్‌ను పట్టుకుంటుంది. పరమాణువులు తక్కువైనా దాన్ని వదలకూడదనేది అందుకే.

నష్టం ఎక్కువగా ఎక్కడ జరుగుతుంది?

ఉష్ణమండలం మీద, 25-45 కి.మీ. మధ్య. గాలి ఉష్ణమండలంలో పైకి లేచి, ధ్రువాల వైపు నడిచి, అక్కడ దిగుతుంది. దీన్నే బ్రూవర్-డాబ్సన్ ప్రసరణ అంటారు. ఉత్తర ధ్రువం మీద 20 కి.మీ. దగ్గర మీథేన్ తక్కువగా కనిపిస్తే అది అక్కడ పోయింది కాదు. ఎప్పుడో ఉష్ణమండలం పైన పోగొట్టుకుని, కొన్నేళ్ళ తర్వాత అక్కడికి దిగిన గాలి అది.

చేతిలెక్క ఒకటి చేసి చూడండి. 20 కి.మీ. దగ్గర 210 కెల్విన్, ఘన సెంటీమీటరులో హైడ్రాక్సిల్ 10 లక్షలు అనుకుంటే నష్ట గుణకం (వేగ గుణకాన్ని ఆ సంఖ్యతో గుణిస్తే వచ్చేది) సెకనుకు 5.2 × 10⁻¹⁰. ఆయుష్షు 61 ఏళ్ళు. 40 కి.మీ. దగ్గర 250 కెల్విన్, రోజు సగటున కోటి అనుకుంటే 2 × 10⁻⁸. ఆయుష్షు ఏడాదిన్నర చిల్లర. ఉత్తేజిత ఆక్సిజన్, క్లోరిన్ కలిస్తే ఇంకా తగ్గుతుంది. ఇరవై కిలోమీటర్ల తేడాలో ఆయుష్షు నలభయ్యో వంతుకు వచ్చింది. ఎత్తులో చిన్న పొరపాటుకు పెద్ద శిక్ష పడేది ఇందుకే.

మోడల్‌లో పెట్టడానికి ఏయే దారులున్నాయి?

మూడు దారులు వాడుకలో ఉన్నాయి. మొదటిది పూర్తి రసాయనం: ఓజోన్, నైట్రోజన్, క్లోరిన్ అన్నీ మోడల్‌లోనే లెక్కవుతాయి. ఖచ్చితం, కానీ యంత్రకాలం విపరీతం. రెండోది నష్ట గుణకాల పట్టిక: పూర్తి రసాయనం నడిపిన మోడల్ నుంచి నెలనెలా, అక్షాంశం, పొరల వారీగా 'సెకనుకు ఎంత భాగం పోతుంది' అన్నది తీసి ఫైల్‌లో పెట్టుకోవడం. మూడోది పైపొరల్లో కొలతల నుంచి తెచ్చిన మీథేన్ విలువను నేరుగా రుద్దడం.

మీథేన్ ఒక్కదానికే మోడల్ నడిపేవాళ్ళకు రెండోదే మేలు. పరిశోధకులు వాడే జియోస్-కెమ్ మీథేన్ మోడల్ కూడా జీఎంఐ అనే నాసా పూర్తి రసాయన మోడల్ నుంచి తీసిన నెలవారీ గుణకాలతోనే ఈ పని చేస్తుంది. 12 నెలలు, 46 అక్షాంశాలు, 47 పొరలు అంటే 25,944 అంకెలు. సుమారు 100 కేబీ, ఫోన్‌లో పంపుకునే ఫొటోకన్నా చిన్న ఫైల్. మూడోది చూడ్డానికి బాగుంటుంది గానీ అందులో నష్టం ఎంతన్నది మోడల్ చెప్పదు. మీథేన్ ఎక్కడ మాయమైందో లెక్కపత్రం ఉండదు. ఇన్వర్షన్‌కు దాన్ని వాడొద్దు.

పట్టికలో ఉండాల్సింది నష్ట గుణకమా, నష్టపోయిన పరిమాణమా?

గుణకమే. పరిమాణాన్ని పెడితే మీథేన్ ఎంతున్నా అంతే తీసేస్తుంది. పైపొరల్లో ఉన్నదానికన్నా ఎక్కువ తీసి సున్నా కిందికి పోతుంది. గుణకం ఉంటే ప్రతి అంచెలో కొత్త విలువ = పాత విలువ × ఎక్స్‌ప్(−గుణకం × కాలపు అంచె). ఇది ఎప్పటికీ రుణసంఖ్య కాదు.

పట్టికను తయారు చేసేటప్పుడు ఏ వరసలో పోవాలి?

పూర్తి రసాయన మోడల్ నుంచి మూడు చర్యల నష్టాన్ని, మీథేన్‌ను, ఉష్ణోగ్రతను నెలసగటుగా తీయండి. నష్టాన్ని మీథేన్‌తో భాగిస్తే గుణకం. రేఖాంశం వెంట సగటు చేయండి. స్ట్రాటో ఆవరణంలో అది చాలు.

ఇక్కడ ఒక గుంట ఉంది. హైడ్రాక్సిల్ పగలే ఉంటుంది. ఆరా ఉపగ్రహం మీది ఎంఎల్ఎస్ పరికరం దాన్ని మధ్యాహ్నం 1.45 ప్రాంతంలో కొలిచేది. ఆ విలువను 24 గంటలకూ అంటగడితే నష్టం రెండు మూడింతలవుతుంది. పట్టికలో ఉండాల్సింది రాత్రింబవళ్ళ సగటు.

ప్రమాణాలు చూసుకోండి. కొన్ని ఫైళ్ళు నెలకు, కొన్ని సెకనుకు ఇస్తాయి. 30 రోజుల నెలకు 25,92,000 సెకన్లు. ఆ భాగాహారం మరిచిపోతే మొదటి రోజే పైపొరల్లో మీథేన్ తుడిచిపెట్టుకుపోతుంది. ఇది కనీసం వెంటనే కనిపించే తప్పు. కనిపించనిది అక్షాంశాలు తిరగబడటం: నెల్లూరు 14.4 ఉత్తరం కాస్తా 14.4 దక్షిణం అవుతుంది. సంవత్సర మొత్తం సరిగ్గానే వస్తుంది, రుతువులు తారుమారవుతాయి. జూలై పటం గీయండి. దక్షిణ ధ్రువం చీకటిలో ఉంటుంది కాబట్టి అక్కడ గుణకం సున్నాకు దగ్గరగా ఉండాలి. లేకపోతే ఫైల్ తలకిందులైంది. పొరల వరస తిరగబడితే మాత్రం నేల మీది మీథేన్ ఏడాదిలో సగానికి రాలి అదే గోల పెడుతుంది.

ఒక మోడల్ పొరల నుంచి ఇంకో మోడల్ పొరలకు మార్చేటప్పుడు?

పీడనం లాగరిథమ్‌లో, గుణకం కూడా లాగరిథమ్‌లో. రెండూ. 100 హెక్టోపాస్కల్ దగ్గర 3 × 10⁻¹⁰, 10 దగ్గర 3 × 10⁻⁸ ఉన్నాయనుకోండి. మధ్యలో, 31.6 దగ్గర, లాగరిథమ్‌తో 3 × 10⁻⁹ వస్తుంది. గుణకాన్ని మామూలుగా సగటు చేస్తే 1.5 × 10⁻⁸, అంటే ఐదింతలు. సరిగ్గా గాలి బరువు ఇంకా బాగా ఉండే ఎత్తులోనే ఈ ఐదింతలు పడటం వల్ల మొత్తం టెరాగ్రాములు చటుక్కున పెరుగుతాయి. ధ్రువాల చీకట్లో సున్నాలుంటాయి, వాటికి లాగరిథమ్ లేదు. 10⁻¹⁵ను కనిష్ఠంగా పెట్టి ముందుకు పోండి.

ట్రోపో ఆవరణానికి ఒక పట్టిక, స్ట్రాటో ఆవరణానికి ఒకటి. రెండూ కలిసేచోట ఏం చేయాలి?

తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే. రెండు కయ్యల మధ్య గట్టు లాంటి చోటు ఇది: గట్టు ఎవరిదో తేల్చకపోతే ఇద్దరూ దున్నుతారు, లేదా ఇద్దరూ వదిలేస్తారు.

ఇద్దరూ దున్నడం ఇలా జరుగుతుంది. మీ హైడ్రాక్సిల్ ఫైల్ 1000 నుంచి 10 హెక్టోపాస్కల్ దాకా ఉంటుంది. స్ట్రాటో పట్టిక 300 నుంచి మొదలవుతుంది. కోడ్ రెండింటినీ కూడుతుంది. 300 నుంచి 10 దాకా నష్టం రెండుసార్లు పడుతుంది. వదిలేయడం ఇలా: స్ట్రాటో పట్టికను ఎవరో 100 హెక్టోపాస్కల్ పైన మాత్రమే నింపి మిగతాది సున్నా చేసి ఉంటారు. నెల్లూరు మీద ట్రోపోపాజ్ 100 దగ్గరే కాబట్టి ఇక్కడ గీత సరిపోతుంది. ఆర్కిటిక్ మీద ట్రోపోపాజ్ 300 దగ్గరికి దిగుతుంది. అక్కడ 300 నుంచి 100 దాకా ఏ పట్టికా తగలదు. మన జిల్లా నిలువుకోత ఒక్కటే చూసి 'బాగుంది' అనుకుంటే ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు.

స్థిరమైన పీడనగీత పెట్టొద్దు. ప్రతి అంచెలో, ప్రతి నిలువువరసకు వాతావరణ దత్తాంశంలోని ట్రోపోపాజ్ తీసుకోండి. దాని కింద హైడ్రాక్సిల్ పట్టిక మాత్రమే, దాని పైన స్ట్రాటో పట్టిక మాత్రమే. స్ట్రాటో పట్టిక అన్ని అక్షాంశాల్లోనూ 400 హెక్టోపాస్కల్ దాకా నిండి ఉండాలి. ట్రోపోపాజ్ ఒక్కోరోజు కిందికి జారుతుంది. ఆపై కోడ్‌లో రెండు లెక్కింపులు పెట్టండి: రెండూ తగిలిన గళ్ళు (మోడల్ గాలిని కోసుకున్న పెట్టెలు) ఎన్ని, ఏదీ తగలని గళ్ళు ఎన్ని. రెండు జవాబులూ సున్నాయే రావాలి.

వానాకాలంలో మన మీద ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఉందా?

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దక్షిణ భారతం మీద 100-150 హెక్టోపాస్కల్ మధ్య తూర్పు నుంచి బలమైన గాలిపాయ నడుస్తుంది. దానికి ఉత్తరాన ఆసియా రుతుపవన అపచక్రవాతం (సవ్యదిశలో తిరిగే పెద్ద గాలిసుడి) కూర్చుని ఉంటుంది. ఉత్తర భారతం నేలగాలి మేఘాలతో పైకి లేచి అందులో చిక్కుతుంది కాబట్టి ఆ ఎత్తులో మీథేన్ ఎక్కువ. దాని దక్షిణపు అంచు మన నెత్తినే ఉంటుంది. ఎడగారు వరి కోతకొచ్చే రోజుల్లో ఉపగ్రహ సగటు పెరిగితే అది కయ్యలదో పై గాలిదో విడదీయడానికి 200-70 హెక్టోపాస్కల్ మధ్య మోడల్ పొరలను విడిగా రాసి పెట్టుకోండి. గాలుల పోలికకు తిరుపతి వైపున్న గాదంకి ఎంఎస్‌టీ రాడార్ దగ్గర్లోనే ఉంది. 53 మెగాహెర్ట్జ్‌తో ఈ ఎత్తుల గాలులను కొలుస్తుంది.

మోడల్ పైకప్పు ఎంత ఎత్తున ఉండాలి?

కనీసం 1 హెక్టోపాస్కల్, వీలైతే 0.1. నాసా వారి మెర్రా-2 వాతావరణ దత్తాంశం 72 పొరలతో 0.01 దాకా పోతుంది, ఏ చింతా లేదు. 47 పొరల రూపంలో పైపొరలను కొన్నింటిని కలిపేస్తారు. మీథేన్‌కు అది నడుస్తుంది, పట్టికను కూడా అవే పొరలకు బరువులతో సగటు చేయాలి. 10 హెక్టోపాస్కల్ దగ్గర ఆగిపోయే మోడల్ అయితే గుణకం బలంగా ఉండే చోటే లేకుండా పోతుంది.

అసలు లెక్కకు ముందు మోడల్‌ను ఎన్నేళ్ళు నడిపి వదిలేయాలి?

స్ట్రాటో ఆవరణం గాలి వయసు నాలుగు నుంచి ఆరేళ్ళు. అందుకని పదేళ్ళకు తక్కువ వద్దు. మీథేన్ మొత్తం స్థిమితపడాలంటే ముప్ఫై. అన్ని పొరల్లో 1850 పీపీబీ సమానంగా నింపి మొదలుపెట్టేవాళ్ళున్నారు. 40 కి.మీ. దగ్గర అసలు ఉండేది అందులో సగం కూడా కాకపోవచ్చు. మొదటి ఏడాది నష్టం ఉబ్బిపోతుంది, ఏటా తగ్గుతూ వస్తుంది. ఆ తగ్గుదలను 'ధోరణి' అని రిపోర్టులో రాసే ప్రమాదం ఉంది. సరిపడా కంప్యూటర్ లేనప్పుడు ఏసీఈ-ఎఫ్‌టీఎస్ అనే ఉపగ్రహ పరికరం కొలతల నుంచి అక్షాంశం, ఎత్తుల వారీ సగటు తీసి దానితో మొదలుపెట్టండి. సగం కాలం మిగులుతుంది.

ఉత్తర అక్షాంశాల్లో మోడల్ మీథేన్ ఎక్కువ చూపుతోంది. గుణకాలు పెంచేయాలా?

ఆగండి. తప్పు రసాయనానిదా, గాలి నడకదా ముందు తేల్చండి. 4 × 5 డిగ్రీల గ్రిడ్‌లో ట్రోపోపాజ్ జల్లెడలా కారుతుంది. కింది మీథేన్ పైకి చేరి, దిగాల్సిన పాతగాలి దిగక, ఉత్తరాన స్ట్రాటో ఆవరణంలో మీథేన్ ఎక్కువవుతుంది. గుణకాలకు ఇందులో పాపం లేదు.

తేల్చే పద్ధతి: మీథేన్‌తో పాటు నైట్రస్ ఆక్సైడ్‌ను కూడా మోడల్‌లో నడపండి. దాని ఆయుష్షు 115 ఏళ్ళ చుట్టూ ఉంటుంది, నష్టం అంతా స్ట్రాటో ఆవరణంలోనే, దారి కూడా మీథేన్ నడిచే దారే. అడ్డంగా నైట్రస్ ఆక్సైడ్, నిలువుగా మీథేన్ పెట్టి చుక్కలు వేస్తే కొలతల్లో ఒక సన్నటి గీత వస్తుంది. మోడల్ చుక్కలు అదే గీత మీద ఉండి, ఫలానా ఎత్తులో రెండు వాయువులూ కలిసే ఎక్కువున్నాయా? తప్పు గాలి నడకది. చుక్కలు గీత వదిలి పైకి పోయాయా? మీథేన్ గుణకాలు తక్కువ పడ్డాయి.

గాలి నడక తప్పును గుణకంతో సర్దితే ఉత్తరాన సరిపోతుంది, ఉష్ణమండలంలో మీథేన్ పడిపోతుంది. అంటే మన జిల్లాల దగ్గర చెడుతుంది. గ్రిడ్‌ను 2 × 2.5 డిగ్రీలకు మార్చి చూడటమే సరైన మందు. ఖర్చు ఎక్కువ, కానీ వేరే దారి లేదు.

పోల్చుకోవడానికి ఏ కొలతలున్నాయి?

ఉపగ్రహాల మీది పరికరాలవి: హాలో 1991 నుంచి 2005 దాకా, మిపాస్ 2002 నుంచి 2012 దాకా, ఏసీఈ-ఎఫ్‌టీఎస్ 2004 నుంచి ఇప్పటిదాకా. చివరిది సూర్యోదయ, సూర్యాస్తమయాల్లో మాత్రమే కొలుస్తుంది, ఉష్ణమండలం మీద పలచగా పడుతుంది. ఒక్క నెల కొలతలతో తీర్పు చెప్పకండి, కొన్నేళ్ళవి కలపండి. మనకు దగ్గరి పాత కొలతలు హైదరాబాద్ బెలూన్ కేంద్రం నుంచి 1987లో పంపిన అతిశీతల నమూనా పేటికలవి. మొత్తం స్థాయి అప్పటికి తక్కువ కాబట్టి నేల విలువతో భాగించి ఆకారం మాత్రమే పోల్చండి.

పాత సంవత్సరాల పట్టికను ఇప్పటికీ వాడొచ్చా?

కొంతవరకు. స్ట్రాటో ఆవరణంలో క్లోరిన్ 1990ల చివర్లో శిఖరం చేరి, మాంట్రియల్ ఒప్పందం పుణ్యాన మెల్లగా తగ్గుతోంది. అప్పటి పట్టికలో క్లోరిన్ భాగం కాస్త ఎక్కువుంటుంది. మూడు చర్యల గుణకాలను మూడు విడి పట్టికలుగా దాచుకుంటే ఒక్క క్లోరిన్‌నే సర్దుకోవచ్చు. కలిపేసిన ఫైల్ చేతికొస్తే ఆ వీలు లేదు. 2022 జనవరిలో హుంగా టోంగా అగ్నిపర్వతం సుమారు 15 కోట్ల టన్నుల నీటిఆవిరిని పైకి పంపింది. నీరు పెరిగితే హైడ్రాక్సిల్ పెరుగుతుంది. 2022 తర్వాతి ఏళ్ళకు స్థిరపట్టిక వాడితే ఆ సంగతి రిపోర్టులో రాయండి.

కార్బన్-13 లెక్క కూడా నడుపుతున్నాం. తేడా ఏమైనా ఉందా?

ఉంది, అక్కడ పట్టికలు విడిగా ఉండటం తప్పనిసరి. బరువైన కార్బన్-13 మీథేన్ కన్నా తేలిక (కార్బన్-12) మీథేన్‌ను హైడ్రాక్సిల్ 0.4 శాతం ఎక్కువ ఇష్టపడితే, ఉత్తేజిత ఆక్సిజన్ 1.3 శాతం, క్లోరిన్ 6 శాతం పైన. క్లోరిన్ వాటా కొద్దిగా మారినా మిగిలిన మీథేన్ కార్బన్-13 విలువ కదులుతుంది. వరి మీథేన్, గ్యాస్ లీకుల మీథేన్ విడదీయడానికి వాడే కొలబద్ద అదే కదా.

నీటిఆవిరితో సరిచూసుకోవచ్చా?

చక్కగా. ఒక మీథేన్ అణువు పోతే దాదాపు రెండు నీటి అణువులు వస్తాయి. నీరు + 2 × మీథేన్ మొత్తం స్ట్రాటో ఆవరణంలో 7 పీపీఎం ప్రాంతంలో దాదాపు నిలకడగా ఉంటుంది. మోడల్‌లో ఈ మొత్తం ఎత్తుతో పాటు ఎక్కుతూనో దిగుతూనో పోతుంటే మీథేన్ నష్టాన్ని నీటికి జమ కట్టడంలో తప్పుంది.

కోడ్ సరిగ్గా పనిచేస్తోందని అన్నిటికన్నా త్వరగా తెలుసుకునేదెలా?

ఉద్గారాలు సున్నా చేయండి. గాలులు ఆపేయండి. అన్ని గళ్ళలో 1800 పీపీబీ నింపి 30 రోజులు నడపండి. ఏదో ఒక గడి ఎంచుకోండి, నెల్లూరు మీద 40 కి.మీ. గడి అనుకుందాం. పట్టికలో గుణకం 2 × 10⁻⁸ ఉంటే, 25,92,000తో గుణిస్తే 0.0518. ఎక్స్‌ప్(−0.0518) అంటే 0.9495. గడిలో 1709 పీపీబీ మిగలాలి. 1800 దగ్గరే ఉంటే పట్టిక అసలు చదవడం లేదు. 1623 ప్రాంతంలో ఉంటే రెండుసార్లు తీస్తోంది. 1709 వచ్చాకే గాలులు వదలండి.